పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లాలంటే వణుకు: మగత ఇచ్చి చేయించుకోవచ్చా?

మీ ప్రశ్న పూర్తిగా చదివాను. కింది దవడలో కుడివైపు పెద్ద పన్నుకు రూట్ కెనాల్ చేయాలని, దాని వెనక అడ్డంగా పడుకున్న జ్ఞానదంతం తీసేయాలని మీకు చెప్పారు. చిన్నప్పుడు ఇద్దరు కదలకుండా పట్టుకుని, మొద్దుబారకముందే పన్ను లాగేశారు. అప్పటినుంచి క్లినిక్ వాసన తగిలితే చాలు చేతులు చల్లబడతాయన్నారు. అపాయింట్‌మెంట్ తీసుకోవడం, తీరా ఆ పూట ఏదో వంకతో మానేయడం, వాచినప్పుడల్లా మెడికల్ షాపులో యాంటీబయాటిక్, నొప్పి మాత్ర తెచ్చుకోవడం, ఇలానే రెండేళ్లు గడిచాయి. ఇప్పుడు కరీంనగర్‌లో ఒక క్లినిక్ వాళ్లు మగత ఇచ్చి చేస్తామన్నారు. అది మంచిదేనా, మళ్లీ మెలకువ రాకపోతే ఎలా, మీవారు దుబాయ్‌లో ఉంటారు కాబట్టి స్కూటీ మీద ఒక్కరే వెళ్లి రావచ్చా అని అడిగారు.

నేను నోటి, దవడల సర్జన్ని. జ్ఞానదంతాలు తీయడం నా రోజువారీ పని. భయంతో వణుకుతూ వచ్చేవాళ్లు కూడా రోజూ వస్తారు. సూటిగా చెబుతాను: మగతలో చేయించుకోవచ్చు, మీలాంటివాళ్ల కోసమే ఆ పద్ధతి ఉంది. కానీ మగత మీ పంటి పని పూర్తి చేయిస్తుందే గానీ భయాన్ని పోగొట్టదు. ఈ సంగతి ముందే తెలుసుకుని మొదలుపెడితే తర్వాతి పదేళ్లు మీకు సులువవుతాయి.

అన్నిటికంటే ముందు వాపు గురించి. వాపు దవడ కిందికి, మెడవైపు దిగినా, నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోకపోయినా, గుటక వేయడం కష్టమైనా, నాలుక కింద గట్టిగా ఉబ్బినా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకండి. ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్లండి. పంటి చీము మెడలోకి దిగి ఊపిరి దారిని నొక్కేస్తే ప్రాణం మీదికి వస్తుంది. మాత్ర వేసుకోగానే వాపు తగ్గుతోంది కదా అనుకోవద్దు. చచ్చిపోయిన పంటి నరంలోకి రక్తం వెళ్లదు, రక్తం వెళ్లనిచోటికి యాంటీబయాటిక్ కూడా చేరదు. చుట్టుపక్కల వాపు తగ్గుతుంది, మూలం అలాగే ఉంటుంది, రెండు నెలలకు మళ్లీ లేస్తుంది. లోపల శుభ్రం చేయాలి, లేదంటే పన్ను తీయాలి. మూడో దారి లేదు.

ఇక మీ చిన్నప్పటి సంగతి. ఇన్నేళ్లూ మీరు "నాకు ఓర్పు తక్కువ" అనుకుంటూ వచ్చారని మీ రాతలో కనిపించింది. అది నిజం కాదు. ఆ రోజు మీకు నిజంగానే నొప్పి తెలిసింది. దానికి కారణం మీ మనసులో లేదు, చిగురులో ఉంది. మొద్దుబార్చడానికి మేం వాడే లిగ్నోకెయిన్ నరం పొరను దాటి లోపలికి వెళితేనే పనిచేస్తుంది. చీము పట్టి వాచిన చోట కణజాలం ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లంలో మందులో ఎక్కువ భాగం పొర దాటలేని రూపంలోకి మారిపోతుంది. ఇంజెక్షన్ చేసినా పన్ను మొద్దుబారదు. పైగా కింది దవడ ఎముక మందం, పై పళ్లకు చేసినట్టు పక్కన పొడిస్తే సరిపోదు. దవడ వెనకభాగంలో నరం ఎముకలోకి దిగే చోట మందు వేసి, అది పట్టేదాకా పది నిమిషాలైనా ఆగాలి. అంతసేపు ఆగే ఓపిక లేకనే మీకు ఆ గాయం మిగిలింది.

నరం మండిపోతున్న పన్నుకు రూట్ కెనాల్ చేసేటప్పుడు, పద్ధతి ప్రకారం ఇంజెక్షన్ చేసినా ఒక్కోసారి సరిగా పట్టదు. పెదవి మొద్దుబారుతుంది, పన్ను మాత్రం మొద్దుబారదు. ఇది మాకందరికీ తెలిసిన సమస్యే, దీనికి మార్గాలున్నాయి. డ్రిల్ పెట్టేముందు పంటిమీద చల్లని స్ప్రేతో తడిపిన దూది ఆనించి చూస్తాం. జివ్వుమంటే ఇంకా పట్టలేదన్నమాట. అప్పుడు పక్కనుంచి ఆర్టికెయిన్ అనే మరో మొద్దుబార్చే మందు వేయడమో, పన్నుకూ ఎముకకూ మధ్య సందులో సన్నని సూదితో మందు ఎక్కించడమో చేస్తాం. మీరు మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే: "పన్ను పూర్తిగా మొద్దుబారిందో లేదో మొదలుపెట్టేముందు పరీక్షిస్తారా?" దీనికి విసుక్కునే డాక్టర్ దగ్గర ఎంత మగత ఇచ్చినా మీరు చేయించుకోవద్దు.

ఎందుకంటే మగత ఇచ్చే మందు నొప్పిని పూర్తిగా ఆపదు. నోట్లో మొద్దుబార్చే ఇంజెక్షన్ ఎలాగూ ఉంటుంది. మగత మందు మీ కంగారును తగ్గిస్తుంది, టైమ్ తెలియకుండా చేస్తుంది, జరిగింది గుర్తుండకుండా చేస్తుంది. పన్ను సరిగా మొద్దుబారకపోతే మగతలో ఉన్న మనిషి కూడా మూలుగుతాడు, తల తిప్పేస్తాడు. అప్పుడు మొద్దుబార్చే మందు ఇంకాస్త వేయాలి గానీ మగత మందు పెంచుతూ పోకూడదు. ప్రమాదాలకు దారితీసే తప్పుల్లో ఇదొకటి.

ఇంకో చిన్న విషయం చాలామందికి ఎవరూ చెప్పరు. మొద్దుబార్చే మందులో అడ్రినలిన్ కొద్దిగా కలిపి ఉంటుంది. మన దగ్గర ఎక్కువగా వాడేదాంట్లో 80,000 వంతుల్లో ఒక వంతు. అది రక్తనాళాలను బిగించి మందును అక్కడే ఎక్కువసేపు నిలుపుతుంది. కొంత రక్తంలో కలిసినప్పుడు కాసేపు గుండె దడదడలాడుతుంది, వేళ్లు వణుకుతాయి. భయపడుతున్న మనిషికి ఆ దడ తన భయమే అనిపిస్తుంది, "నాకేదో అయిపోతోంది" అని లేచి కూర్చుంటారు. అది మందు చేసే పని, నాలుగైదు నిమిషాల్లో దానంతటదే దిగిపోతుంది. ముందే తెలిసినవాళ్లు దాన్ని తేలిగ్గా దాటేస్తారు.

ఇప్పుడు మీ భయం ఏ రకమో చూద్దాం, ఎందుకంటే ఏ మగత కావాలో దాన్నిబట్టే తేలుతుంది. మేం ఐదు ప్రశ్నల చిన్న పత్రం ఇస్తాం: రేపు పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లాలంటే ఎలా ఉంటుంది, బయట గదిలో కూర్చుంటే ఎలా ఉంటుంది, డ్రిల్ అంటే, క్లీనింగ్ అంటే, చిగురులో ఇంజెక్షన్ అంటే ఎలా ఉంటుంది అని. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు, మొత్తం 25. 19, అంతకు పైన వస్తే తీవ్రమైన భయం కింద లెక్క. మార్కుల మొత్తం కన్నా ఏ ప్రశ్నకు ఎక్కువ వేశారన్నది నాకు ముఖ్యం. కొందరికి సూదే భయం, డ్రిల్‌తో పేచీ లేదు. కొందరికి ఆ చప్పుడు. మీ రాతను బట్టి చూస్తే మీ భయం సూదీ కాదు, డ్రిల్లూ కాదు. మిమ్మల్ని కదలనివ్వకుండా పట్టేసుకుంటారని, ఆపమన్నా ఆపరని మీ భయం. అలాంటప్పుడు చాలామందికి మందుకన్నా ముందు పనిచేసేది ఒక ఒప్పందం: ఎడమచెయ్యి ఎత్తితే డాక్టర్ వెంటనే చేతులు వెనక్కి తీసుకోవాలి. ఉత్తిగా ఒకటి రెండుసార్లు ఎత్తి చూడండి, నిజంగా ఆపుతున్నారో లేదో.

సూది చూడగానే కళ్లు తిరిగి పడిపోయే రకం మరొకటి ఉంది. వీళ్లకు గుండెవేగం, బీపీ ఒక్కసారిగా పడిపోతాయి. వీళ్లు కుర్చీని పూర్తిగా వెనక్కి వాల్చి పడుకుని, కాళ్ల, చేతుల, పొట్ట కండరాలను పది పదిహేను సెకన్లు గట్టిగా బిగబట్టి వదలడం, మళ్లీ బిగబట్టడం నేర్చుకుంటే బీపీ పడిపోకుండా ఉంటుంది. వీళ్లలో చాలామందికి మగతే అక్కర్లేదు.

మగత పద్ధతుల్లో అన్నిటికన్నా తేలికైనది ముక్కుమీద చిన్న మాస్కు పెట్టి పీల్పించే నైట్రస్ ఆక్సైడ్, ఆక్సిజన్‌తో కలిపి. దీనికి పెద్ద చరిత్ర ఉంది. 1844 డిసెంబర్‌లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హోరేస్ వెల్స్ అనే పళ్ల డాక్టర్ ఈ గ్యాస్ పీల్చి తన పన్నే తీయించుకున్నాడు, నొప్పి తెలియలేదు. రెండేళ్ల తర్వాత, 1846 అక్టోబర్‌లో బోస్టన్‌లో అందరి ముందూ ఈథర్ ఇచ్చి చూపించిన విలియం మోర్టన్ కూడా పళ్ల డాక్టరే. ఈరోజు గుండె ఆపరేషన్ దాకా నొప్పి లేకుండా చేయగలుగుతున్నామంటే ఆ దారి మొదలైన చోట్లలో పంటి కుర్చీ ఒకటి. మా వృత్తిలో నాకు గర్వంగా అనిపించే విషయం ఇది.

గ్యాస్‌ను కొద్దికొద్దిగా పెంచుతూ వెళతారు, చాలామందికి 30 నుంచి 50 శాతం మధ్య సరిపోతుంది. రెండు మూడు నిమిషాల్లో వేళ్లు జివజివలాడతాయి, ఒళ్లు తేలికవుతుంది, మాట్లాడితే జవాబిస్తారు. గ్యాస్ మెషీన్ మీటకే హద్దు ఉంటుంది, ఆక్సిజన్ 30 శాతం కంటే తగ్గనివ్వదు. అయిపోయాక ఐదు నిమిషాలు ఆక్సిజన్ మాత్రమే ఇస్తే దిగిపోతుంది. నోట్లో ఏదైనా పెట్టగానే వాంతి వచ్చినట్టయ్యేవాళ్లకు, ఎక్స్‌రే ముక్క నోట్లో పెట్టనివ్వనివాళ్లకు ఇది చక్కగా పనిచేస్తుంది. ముక్కుతోనే పీల్చాలి కాబట్టి జలుబుంటే పనికిరాదు. గర్భం తొలి నెలల్లో ఇవ్వరు. కంట్లో రెటీనా ఆపరేషన్ చేసి గ్యాస్ నింపినవాళ్లకు అది కరిగిపోయేదాకా అసలే ఇవ్వకూడదు, కంటిలో ఒత్తిడి పెరిగి చూపు పోవచ్చు. ఇంకోటి, ఈ గ్యాస్ ఒంట్లోని విటమిన్ బి12ను పనిచేయకుండా చేస్తుంది. మామూలు మనిషికి ఒక పూట పీల్చితే ఏమీ కాదు. మన దగ్గర పూర్తి శాకాహారుల్లో బి12 తక్కువ ఉన్నవాళ్లు చాలామంది. అరికాళ్ల తిమ్మిర్లు, రక్తహీనత ఉంటే ముందే చెప్పండి, పరీక్ష చేయించాక చూస్తారు. ఈ మెషీన్ అన్ని క్లినిక్‌లలో ఉండదు, పెద్ద ఊళ్లలో పిల్లల పళ్ల డాక్టర్ల దగ్గర ఎక్కువగా దొరుకుతుంది.

రెండోది మాత్ర. ముందురోజు రాత్రి, మళ్లీ చికిత్సకు గంట ముందు వేసుకోమని డయాజిపామ్ లాంటిది రాస్తారు. చవక, తేలిక. కానీ మాత్ర కడుపులోకి వెళ్లాక దాన్ని వెనక్కి తేలేం, ఎవరికి ఎంత పట్టుతుందో ముందుగా చెప్పలేం. ఒకే మోతాదుకు ఒకాయన గురకపెడతాడు, ఒకామె కళ్లార్పకుండా కూర్చుంటుంది. అందుకే ఇది భయం ఓ మోస్తరుగా ఉన్నవాళ్లకే. దయచేసి పక్కింటివాళ్లు వాడే నిద్రమాత్ర తీసుకుని వేసుకోవద్దు. అల్ప్రజోలం, డయాజిపామ్ డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడనివి, దానికి కారణముంది.

ఇక్కడ మన ప్రాంతం గురించి ఒక మాట చెప్పాలి. మీ గురించి కాదు, ఇది చదివే మిగతావాళ్ల కోసం. తెలంగాణలో చాలాచోట్ల కల్లులో అల్ప్రజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపి కల్తీ చేస్తున్నారని పదేపదే బయటపడింది. రోజూ అలాంటి కల్లు తాగే మనిషి ఒళ్లు తెలియకుండానే ఆ మందుకు అలవాటుపడి ఉంటుంది. అతనికి మామూలు మోతాదు పట్టదు. పట్టలేదని పెంచితే ఎక్కడో ఒకచోట ఒక్కసారిగా ఎక్కువైపోతుంది. ఆరోజు తాగి వస్తే మరీ ప్రమాదం. మానేసి రెండు రోజులైతే వణుకు, ఫిట్స్ రావచ్చు. డాక్టర్ అడిగితే సిగ్గుపడి దాచొద్దు. మేం అడిగేది మందలించడానికి కాదు, మోతాదు లెక్కవేయడానికి.

అలాగే తామర మందు. ఈమధ్య తామరకు నెలల తరబడి ఇట్రాకొనజోల్ వాడేవాళ్లు ఇంటికొకరు ఉన్నారు. దాన్ని ఎవరూ "మందులు వాడుతున్నారా" అన్న ప్రశ్నకు జవాబుగా చెప్పరు, చర్మానికి కదా అనుకుంటారు. అది మగతకు ఇచ్చే మిడజోలమ్ అనే మందును కాలేయంలో కరిగించే ఎంజైమ్‌ను ఆపేస్తుంది. నోటిద్వారా ఇచ్చిన మిడజోలమ్ ఒంట్లో ఎన్నో రెట్లు పెరిగి గంటల తరబడి దిగదు. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లు కూడా ఇలాగే చేస్తాయి. వెళ్లేటప్పుడు ఇంట్లో వాడుతున్న మందుల అట్టలన్నీ ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్లండి, పేర్లు గుర్తుపెట్టుకోవక్కర్లేదు.

మూడోది, మీకు ఆ క్లినిక్ వాళ్లు చెప్పింది బహుశా ఇదే, చేతి నరంలోకి, అంటే రక్తనాళంలోకి ఎక్కించే మగత. మిడజోలమ్‌ను ఒకటి రెండు మిల్లీగ్రాములు చొప్పున వేసి, ఆగి, మనిషిని చూసి, మళ్లీ కొద్దిగా వేస్తారు. కనురెప్పలు బరువెక్కుతాయి, మాట నెమ్మదిస్తుంది, "నోరు తెరవండమ్మా" అంటే తెరుస్తారు. అంటే పూర్తిగా నిద్రపోరు. "నిద్రపుచ్చి చేస్తాం" అన్నమాట అందుకే నాకు నచ్చదు. నిద్రపోయిన మనిషి తన గొంతును తాను కాపాడుకోలేదు. మా పని నోట్లో, నీళ్లు చిమ్ముతూ, రక్తం తుడుస్తూ సాగుతుంది. పిలిస్తే పలికే స్థితిలో ఉంటే మీరు మింగగలరు, దగ్గగలరు. అదే మాకు కావాల్సింది. అయితే తర్వాత చాలామందికి ఏమీ గుర్తుండదు, "మొదలుపెట్టారా ఇంకా?" అని అడుగుతారు కుట్లు వేసేశాక.

మెలకువ రాకపోవడం గురించి అడిగారు. మిడజోలమ్ వల్ల అసలు ప్రమాదం మెలకువకు కాదు, ఊపిరికి. మోతాదు ఎక్కువైతే శ్వాస మందగిస్తుంది, నాలుక వెనక్కి జారి దారి మూసుకుంటుంది. చూస్తూ ఉండే మనిషి పక్కన ఉంటే ఇది తేలిగ్గా సర్దే విషయం: గడ్డం పైకెత్తి, గట్టిగా ఊపిరి తీసుకోమని చెప్పి, ఆక్సిజన్ పెడతారు. అవసరమైతే ఫ్లుమజెనిల్ అనే విరుగుడు ఉంది, నిమిషం రెండు నిమిషాల్లో మత్తును తిప్పేస్తుంది. అయితే విరుగుడు ముందుగా దిగిపోయి మగత మళ్లీ తిరగబెట్టవచ్చు కాబట్టి ఆ తర్వాత ఎక్కువసేపు కనిపెట్టుకుని ఉండాలి. ప్రొపోఫాల్ అనే మరో మత్తుమందుకు అలాంటి విరుగుడు లేదు, అది చిటికెలో లోతైన మత్తులోకి తీసుకెళుతుంది. అందుకే అది మత్తు డాక్టర్ చేతిలోనే ఉండాలి.

కాబట్టి మీరు చూడాల్సింది ఏ మందు అన్నది కాదు, ఎంతమంది మనుషులు అన్నది. పన్ను తీస్తున్న మనిషే మగత మందు ఇస్తూ, మానిటర్ కూడా తానే చూస్తానంటే ఒప్పుకోవద్దు. పన్ను వేర్లు విరిగి చెమటలు పడుతున్న క్షణంలో ఎవరూ రెండోవైపు చూడలేరు, నేను కూడా చూడలేను. నా దగ్గర మత్తు డాక్టర్ తలవైపు కూర్చుంటారు, ఆయన పని మీ ఊపిరి మాత్రమే. ఆయన ఆపమంటే నేను ఆపాల్సిందే. ఆ క్లినిక్‌కు ఫోన్ చేసి మత్తు డాక్టర్ ఎవరు, ఆరోజు మొదటినుంచి చివరిదాకా గదిలోనే ఉంటారా, వేలికి పల్స్ ఆక్సిమీటర్, చేతికి బీపీ పట్టీ పెడతారా, ఆక్సిజన్ సిలిండర్, శ్వాస అందించే బ్యాగు, విరుగుడు మందు గదిలో ఉన్నాయా అని అడగండి. ముందురోజో రెండు రోజుల ముందో మిమ్మల్ని పిలిచి ఆరోగ్యం గురించి అడిగి, నోరు తెరిపించి గొంతు చూసి, బరువు, బీపీ రాసుకోవాలి. అదేమీ లేకుండా "రేపు వచ్చేయండి" అన్నారంటే వేరేచోటు చూసుకోండి. మత్తు డాక్టర్ ఫీజు బిల్లులో కలిపి చెప్పారా, వేరుగానా అన్నది కూడా అప్పుడే అడిగేయండి, చివర్లో గొడవలు దీని మీదే వస్తాయి.

పూర్తి మత్తు అంటే జనరల్ అనస్థీషియా, ఆపరేషన్ థియేటర్, గొంతులో గొట్టం. మీకు అక్కర్లేదు. నాలుగు జ్ఞానదంతాలూ ఎముకలో కూరుకుపోయినప్పుడు, నోరంతా పుచ్చిపోయిన చిన్నపిల్లలకు, సహకరించలేని మానసిక వైకల్యం ఉన్నవాళ్లకు అది సరైన దారి.

పిల్లల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. మగత మందు ఒకటే చూస్తారు గానీ, మొద్దుబార్చే మందుకు కూడా బరువును బట్టి హద్దు ఉంది. అడ్రినలిన్ కలపని లిగ్నోకెయిన్‌కు కిలోకు 4.4 మిల్లీగ్రాములు. రెండు శాతం మందు ఒక మిల్లీలీటరులో 20 మిల్లీగ్రాములు ఉంటుంది. 15 కిలోల పిల్లకు మూడు మిల్లీలీటర్లు దాటితే హద్దు మీదికి వచ్చినట్టే. ఒకే పూట నాలుగు వైపులా చేసేయమని డాక్టర్‌ను తొందరపెట్టొద్దు.

మీ ఒంటి విషయానికి వస్తే, థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నానన్నారు, అదుపులో ఉంటే ఇబ్బంది లేదు, ఇటీవలి రిపోర్టు చూపించండి. రాత్రిళ్లు గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యేవాళ్లు, బాగా లావున్నవాళ్లు, ఆయాసం ఉన్నవాళ్లు క్లినిక్‌లో కాకుండా ఆసుపత్రిలో చేయించుకోవడం మేలు. బరువు తగ్గడానికో షుగర్‌కో వారానికోసారి సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ వేసుకునేవాళ్ల కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది, చెప్పి తీరాలి. గుండెకు రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే పన్ను పీకించుకోవాలని సొంతంగా ఆపేయొద్దు, ఆపితే వచ్చే ముప్పు చిగురు రక్తంకన్నా పెద్దది.

మీ స్థానంలో మా చెల్లెలు ఉంటే నేను ఇలా చేయిస్తాను. మొదటిరోజు ఏ పనీ లేదు. కుర్చీలో కూర్చుంటారు, మీ చిన్నప్పటి సంగతి డాక్టర్‌కు మీ నోటితో చెబుతారు, ఎక్స్‌రే తీస్తారు, చెయ్యి ఎత్తితే ఆపే ఒప్పందం పెట్టుకుంటారు, ఇంటికి వస్తారు. వాపు ఉంటే ముందు అది తగ్గించాలి. తర్వాత ఒకరోజు పొద్దున్నే, చేతికి ఎక్కించే మగతతో, రూట్ కెనాల్ మొదటి భాగం, జ్ఞానదంతం తీయడం ఒకే పూట. గంట, గంటన్నర పట్టవచ్చు. కష్టమైన పని అంతటితో అయిపోతుంది. పది రోజుల తర్వాత రూట్ కెనాల్ పూర్తి చేయడం, క్యాప్ కొలత, ఇవి మగత లేకుండా, మొద్దుబార్చే ఇంజెక్షన్‌తోనే. అప్పటికి నరం తీసేసి ఉంటుంది కాబట్టి పంట్లో జివ్వుమనేది ఏమీ ఉండదు. ఆ తర్వాత ఆరు నెలలకోసారి క్లీనింగ్, మెలకువగానే.

ఆ రెండో భాగం మెలకువగా ఎందుకంటున్నానంటే, మగతలో జరిగింది మీకు గుర్తుండదు. గుర్తుండకపోవడం ఆరోజుకు వరమే. కానీ "కూర్చున్నాను, ఆపమంటే ఆపారు, నొప్పి రాలేదు" అన్నది మీ మనసుకు అందదు. అక్కడ పాత జ్ఞాపకం ఒక్కటే మిగులుతుంది. అందుకే ప్రతిసారీ మగతే కావాలని వచ్చేవాళ్లు పదేళ్లయినా అంతే భయంతో వస్తారు. లండన్ కింగ్స్ కాలేజ్ వాళ్లు పళ్ల భయం ఉన్న 130 మందికి కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచననూ అలవాటునూ మార్చి భయం తగ్గించే మాటల చికిత్స ఇచ్చి 2015లో ఫలితాలు ప్రచురించారు. ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురు ఆ తర్వాత మగత లేకుండానే చికిత్స చేయించుకున్నారు. మామూలుగా ఐదారుసార్లు కూర్చుంటే సరిపోయే చికిత్స అది. హైదరాబాద్‌లోనే కాదు, వరంగల్, కరీంనగర్‌లో కూడా క్లినికల్ సైకాలజిస్టులున్నారు. పళ్ల భయానికి సైకాలజిస్టేమిటని ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

అమెరికాలో ఉండి అక్కడి ఖర్చు భరించలేక, ఇండియా వచ్చినప్పుడు మూడు వారాల్లో పళ్లన్నీ చేయించుకునే మనవాళ్లకు ఇదే చెబుతాను: భయం ఉన్నవాళ్లకు ఆ తొందర పనికిరాదు. కనీసం మొదటి సంభాషణ వీడియో కాల్‌లో ముగించుకుని రండి.

ఇక స్కూటీ సంగతి. వద్దు. వెళ్లేటప్పుడూ వద్దు, ఎందుకంటే దాన్ని తిరిగి తెచ్చుకోవాలనిపిస్తుంది. చేతికి ఎక్కించే మగత తీసుకున్నాక మీకు బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, మాట కూడా తడబడదు, కానీ 24 గంటలు బండి నడపకూడదు, గ్యాస్ పొయ్యి దగ్గర ఒంటరిగా నిలబడకూడదు, సంతకాలు పెట్టకూడదు, ఫోన్లో డబ్బులు పంపకూడదు. వెంట పద్దెనిమిదేళ్లు దాటిన మనిషి ఉండాలి, మీ పెద్దబ్బాయికి పద్నాలుగు అన్నారు కాబట్టి వాడు చాలడు. ఆడపడుచునో, పక్కింటి అక్కనో అడగండి. మిమ్మల్ని దింపి వెళ్లిపోవడం కాదు, అయ్యేదాకా బయట కూర్చుని, ఆటోలోనో కారులోనో తీసుకొచ్చి, ఆ రాత్రి మీ ఇంట్లోనే పడుకోవాలి. బైక్ వెనక కూర్చోబెట్టుకుని తీసుకురావద్దని వాళ్లకూ చెప్పండి, మధ్యలో తూగుతారు. ఆరు గంటల ముందునుంచి ఏమీ తినకూడదు, టిఫిన్, పాలు, చాయ్ కూడా తిండి కిందే లెక్క. మంచినీళ్లు రెండు గంటల ముందువరకు తాగవచ్చు. థైరాయిడ్ మాత్ర మామూలుగా పొద్దున్నే ఒక గుక్క నీళ్లతో వేసుకోండి. వేళ్లకు గోళ్లరంగు తీసేయండి, ఆక్సిమీటర్ సరిగా చూపించదు. చేతులు మోచేయి పైదాకా ఎక్కే వదులు జాకెట్టో కుర్తానో వేసుకోండి. తోడు ఎవరూ దొరక్కపోతే తేదీ మార్చమని అడగండి. తోడు లేకపోయినా ఫర్వాలేదు రమ్మంటే మాత్రం ఆ క్లినిక్‌లో మగత తీసుకోకండి.